గుండుసూది రాసిన పరిచయం

ఆ పిల్లకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. పిలిచేవాళ్ళు లేక అది మూలన పడింది. వీధి మొత్తానికీ ఆమె గుండుసూదే. పొద్దున తొమ్మిదింటికి మేనత్త కొట్టు షట్టరు లేపింది మొదలు సాయంత్రం దించేదాకా ఆమె పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉంటాయి. నోట్లో సూదులు పెట్టుకున్న మనిషి ఏం మాట్లాడుతుంది? "ఊ" అంటుంది, కాదంటే "ఊహూ" అంటుంది. ఎప్పుడైనా సూదులు తీసి మాట్లాడిందా, అమ్మా తల్లీ, మళ్ళీ పెట్టుకో, అదే నయం అనిపిస్తుంది ఎదుటివాళ్ళకి.

ఆ కొట్లో కొత్త బట్టలు కుట్టరు, పాతవి బాగుచేస్తారు. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, పోయిన జిప్పు మార్చడం, చిరిగినచోట కనపడకుండా అతుకు వెయ్యడం, ఇదీ పని. లోపల రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, ఒక నిలువుటద్దం, బట్టలు మార్చుకోవడానికి మూలన ఒక తెర. వెనక గోడకి ఒక ఇనప కమ్మీ ఉంది. బాగుచేయించుకోవడానికి ఇచ్చి, మళ్ళీ ఇటు తొంగిచూడని వాళ్ళ బట్టలన్నీ దానికి వేలాడుతుంటాయి. అందులో ఒక ముదురాకుపచ్చ కోటు మూడేళ్ళ నుంచీ ఉంది.

మేనత్త గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. చదివింది నాలుగో క్లాసు. ఆవిడ చూపు పడితే బట్టలో తప్పు దాక్కోలేదు. బట్ట బల్ల మీద పడగానే సుద్దముక్క అందుకుని తప్పున్నచోట గీత గీసేస్తుంది. ఆ తర్వాతే "రండి, కూర్చోండి" అనే మర్యాదలు.

"మొహం చూడకే, కుట్టు చూడు," అని మేనకోడలికి నేర్పింది. "మొహం చూశావంటే అబద్ధం చెప్పాలనిపిస్తుంది."

"బాగుంటే బాగుందని చెప్పొద్దా అత్తా?" అని ఆ పిల్ల కొత్తలో అడిగింది.

"బాగున్నవి మన కొట్టుకెందుకొస్తాయే?"

ఒకసారి ఓ పెద్దమనిషి వచ్చి జిప్పు పాడైపోయిందని గోల చేశాడు. అత్త ప్యాంటు తిరగేసి చూసి, "జిప్పుకేం రోగం లేదు నాయనా, నీ పొట్టే మాట వినడం లేదు," అంది. ఆయన మొహం కందగడ్డ అయింది. అయినా మళ్ళీ మళ్ళీ ఆ కొట్టుకే వస్తాడు. ఆ చుట్టుపక్కల అందరూ అంతే. తిట్టుకుంటూ వెళతారు, తడుముకుంటూ తిరిగొస్తారు. ఏదైనా బట్ట చూసి అత్త సుద్ద ముట్టుకోకుండా "దీనికేం చెయ్యక్కర్లేదు, తీసుకుపో" అందంటే, తెలిసినవాళ్ళు దాన్ని నలుగురికీ చెప్పుకునేవాళ్ళు.

పదిహేనో ఏట, ముగ్గురు తమ్ముళ్ళ మధ్య ఇల్లు ఇరుకైపోయిందని, పనైనా నేర్చుకుంటుందని అమ్మానాన్నా ఆ పిల్లని ఇక్కడ దింపి వెళ్ళారు. కొట్టు పైన ఒకే గది, అందులో అత్తా మేనకోడలూ. ఏడేళ్ళయింది. ఇప్పుడామెకి ఇరవై రెండు.

ఈ ఏడేళ్ళలో ఆమె మరిగిన అలవాటు ఒకటే, కథలు రాయడం. కాగితాలు కొనుక్కుంటే అత్త ఎందుకని అడుగుతుందని, బట్టలకి గుచ్చే పసుపుపచ్చ అట్ట చీటీల వెనక పెన్సిలుతో రాసుకునేది. మధ్యాహ్నం డబ్బా తినే అరగంటలో పది నిమిషాలు తినడానికి, ఇరవై నిమిషాలు రాయడానికి. రాసినవన్నీ పాత బొత్తాల డబ్బాలో అడుగున పెట్టి, పైన బొత్తాలు పోసేది. మేడ మీదే ఉన్నా ఆ డబ్బా జోలికి ఎవరూ పోలేదు.

"చీటీలు ఇంత తొందరగా ఎలా అయిపోతున్నాయే? ఎలకలు తింటున్నాయా?" అని అత్త నెలకోసారి అడిగేది.

"ఊ," అనేది గుండుసూది.

ఇన్ని రాసిందా, ఒక్క మనిషి కూడా చదవలేదు. ఆమెకున్న ఆశ పెద్దదేమీ కాదు. పుస్తకం వెయ్యాలని గానీ, ఫొటో పడాలని గానీ ఎప్పుడూ అనుకోలేదు. ఎవరో ఒకళ్ళు మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎక్కడ ఎలా ఉందో చెప్పాలి. అంతే. కానీ ఆ అంతే ఆమెని ఏడేళ్ళుగా లోపల గిల్లుతూనే ఉంది.

ఒకరోజు కళ్ళజోడు పిల్ల వచ్చింది. కాలేజీలో చదువుతుంది, గౌన్లన్నీ మోకాలి కింద నాలుగు వేళ్ళు ఉండాలంటుంది. బాగుచేసిన గౌను చేతికిస్తే, దానికి గుచ్చిన చీటీని ఊరికే తిరగేసింది. వెనక పెన్సిలు రాత కనపడింది. పొరపాటున కథ రాసిన చీటీయే గుచ్చేసింది గుండుసూది!

"'కోటు జేబులో ఇంకా ఆయన చేతుల వంపు ఉంది.' ఇదెవరు రాశారక్కా?"

గుండుసూది నోట్లోంచి సూదులు ఒక్కొక్కటిగా తీసి దిండుకి గుచ్చింది. "నేనే. ఇచ్చెయ్."

"నువ్వా! మా గుంపులో చేరవేం? ఫోన్లోనే. నాలుగొందల మంది ఉన్నాం, అందరం పాతికేళ్ళ లోపు వాళ్ళమే. అందరం రాస్తాం."

"చదువుతారా?"

"ఆదివారం ఆదివారం ఒకళ్ళ కథ పెడతారు. అందరూ చదివి చెప్పాల్సిందే, అది రూలు."

ఆ "చెప్పాల్సిందే" అన్న మాట గుండుసూది చెవిలో తేనె పోసినట్టు దిగింది. వెంటనే ఫోను అందించింది.

గుంపులోకి వెళ్ళడం సులువే, నిలబడడమే కష్టం. మూడు షరతులున్నాయి. ముందు నిన్ను నువ్వు పరిచయం చేసుకోవాలి. తర్వాత నీతోపాటు కొత్తగా వచ్చినవాళ్ళలో ఐదుగురి పరిచయాలు చదివి, వాళ్ళని పలకరించాలి. చేరిన రోజు నుంచి పది రోజులు ఎవరూ నీ మీద ఫిర్యాదు చెయ్యకూడదు. అప్పుడు నీ ఆదివారం నీకొస్తుంది. గుండుసూది గోడ మీది క్యాలెండరు చూసింది. పదో రోజు సరిగ్గా ఆదివారమే. ఆ గడిలో సుద్దతో చిన్న చుక్క పెట్టింది.

పరిచయం రాయడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఏం రాయాలో తెలియక, వచ్చిన పద్ధతిలోనే, చీటీ మీద కొలతలు రాసినట్టు రాసింది:

"వయసు ఇరవై రెండు. భుజాలు ముందుకి వంగాయి, మిషను వల్ల. కుడిచెయ్యి ఎడమదానికంటే కాస్త లావు, కత్తెర వల్ల. నోరు బిగువు, వదులు చెయ్యడానికి కుదరలేదు. చదువు పదో క్లాసు దగ్గర చిరిగింది, అతుకు కనిపిస్తుంది. పాత బట్టలు బాగుచేస్తాను. కథలు రాస్తాను. ఇంతవరకూ ఎవరూ చదవలేదు. ఎక్కడ వదులుగా ఉందో చెప్పేవాళ్ళు కావాలి."

పెట్టిన ఐదు నిమిషాలకి మొదటి జవాబు వచ్చింది. "ఇది పరిచయమా, దర్జీ రసీదా?" అని. దానికింద పళ్ళికిలించే బొమ్మలు పదకొండు. ఇంకొకళ్ళు, "డెలివరీ ఎప్పుడండీ?" అన్నారు. గుండుసూది కొంచెంసేపు ఆలోచించి, "నాలుగు రోజులు పడుతుంది," అని రాసింది. కొట్లో ఎవరడిగినా చెప్పేది అదే మరి. మళ్ళీ పళ్ళికిలింపులు.

నవ్వితే నవ్వారు, ఆమె పట్టించుకోలేదు. రెండో షరతు మీద పడింది. ఐదుగురి పరిచయాలు ఫోన్లో వరసగా పెట్టుకుని చూసింది. మిగతావాళ్ళు ఎలా పలకరిస్తున్నారా అని కూడా చూసింది. "మీ అక్షరాలకి వందనం," "ఆహా, గుండె తడిసింది," "మీరు పుట్టు రచయిత" ఇలా ఉన్నాయి. ఆమెకి అర్థం కాలేదు. ఐదుగురు మనుషులు ఐదు బట్టలు తెచ్చి బల్ల మీద పరిచారు. ఊరికే చూసి వందనం అంటే వాళ్ళకేం ఒరిగినట్టు? ఆ బట్టలు అలాగే తొడుక్కుని వీధిలోకి పోతారు, ఎవరో నవ్వుతారు. ఆ పాపం ఎవరిది?

అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఆ మధ్యాహ్నమంతా కూర్చుంది. మొహాలు చూడలేదు, కుట్లే చూసింది.

ఒంటరిమేఘం అని పేరు పెట్టుకున్న అమ్మాయి, తన కన్నీళ్ళే తన సిరా అనీ, పుట్టినప్పటి నుంచీ అక్షరాలే తన ఊపిరనీ రాసుకుంది. గుండుసూది ఆమెకిలా రాసింది: "మొదటి మూడు వాక్యాలూ విప్పెయ్యండి. నాలుగోదాంట్లో మీ నాన్న బస్సు నడుపుతాడనీ, మీరు ఆఖరి సీట్లో కూర్చుని హోంవర్కు చేసేవాళ్ళనీ ఉంది. అక్కడ మొదలుపెడితే చాలు. కన్నీళ్ళు రెండుచోట్ల వచ్చాయి, ఒకటి తీసెయ్యొచ్చు."

తడిసినకాగితం అనే అబ్బాయికి: "మరీ పొడుగైంది, కాళ్ళకి అడ్డం పడుతోంది. సగానికి తగ్గించొచ్చు. 'అనంతమైన' అనే మాట ఏడుసార్లు కుట్టారు. ఒక్కటుంచుకోండి."

సిరామరక అనే అతను ఎనిమిది వందల కవితలు రాశానని చెప్పుకున్నాడు. గుంపుకి పెద్దగా ఉండే ఆయనకి ఇతను స్నేహితుడట. గుండుసూదికి అదేం తెలుసు? "ఎనిమిది వందలని చెప్పారు, ఒక్కటీ చూపించలేదు. ఒకటి చూపిస్తే ఈ అంకెతో పని లేదు," అని రాసేసింది.

నాలుగో ఆయనది అక్కడక్కడా బిగువైంది, అది చెప్పింది. ఐదో అమ్మాయిది చదివితే ఎక్కడా సుద్ద పెట్టబుద్ధి కాలేదు. "దీనికేం చెయ్యక్కర్లేదు," అని రాసింది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమెకి తెలియదు. ఆ మాట అత్త నోటి నుంచి వినాలని ఏడేళ్ళుగా చూస్తోంది తను.

ఐదూ పంపించి, మంచిపని చేసినవాళ్ళ తృప్తితో సూదులు నోట్లో పెట్టుకుంది.

గంట గడవలేదు, బల్ల మీద ఫోను వణకడం మొదలుపెట్టింది. ఆగదే! పక్కనున్న సూదుల డబ్బా కూడా దానితోపాటు గలగలమంటోంది.

"దానికి జ్వరమేమైనా వచ్చిందా? ఆ వణుకేమిటే?" అంది అత్త మిషను ఆపకుండానే.

గుండుసూది ఓరగా చూసింది. ఫోను తెర మీద అందరూ ఆమె గురించే.

"ఎవరమ్మా నువ్వు? మా పంతులమ్మవా?"

"ఒక్క కథ చూపించలేదు, అప్పుడే తీర్పులు!"

"ఇరవై రెండేళ్ళంటే నేన్నమ్మను. ఎవరో యాభై ఏళ్ళ పెద్దమ్మ మనవరాలి ఫోను పట్టుకుని కూర్చుంది."

"నా కన్నీళ్ళు ఎన్ని ఉండాలో నువ్వు కొలుస్తావా? టేపు తెచ్చుకున్నావా?" ఇది మేఘం.

అన్నిటికంటే విచిత్రం ఆ ఐదో అమ్మాయి. "అందరికీ ఐదేసి వాక్యాలు రాసి, నాకు మాత్రం రెండు ముక్కలా? నేనంత పనికిరానిదాన్నా?" అని మూడుసార్లు రాసింది.

 అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా వదిలెయ్యడం మర్యాద కాదని, గుండుసూది ఒక్కొక్కరికీ చెప్పింది. పంతులమ్మని కాదండీ, అని ఒకరికి. వయసు ఇరవై రెండేనండీ, అని ఒకరికి. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుందండీ, అని మేఘానికి. నిజంగానే మెడలో ఉంది. అది వెటకారమనుకున్నారు వాళ్ళు. ఇక చూడాలి, మంట మీద నూనె పోసినట్టయింది. నలుగురు ఫిర్యాదు రాసేశారు.

మర్నాడు పొద్దున్నే గుంపుపెద్ద నుంచి తాకీదు. ఆయన ఎవరో, ఎలా ఉంటాడో గుంపులో చాలామందికి తెలీదు. బొమ్మ స్థానంలో కలం పెట్టుకున్నాడు.

"మీ ప్రవర్తన వల్ల గుంపు వాతావరణం కలుషితమైంది. ఈ క్రింది క్షమాపణను ఉన్నది ఉన్నట్లుగా, అందరికీ కనిపించేలా, మధ్యాహ్నం రెండు లోపు పెట్టండి. అలా చేస్తే మీ ఆదివారం మీకుంటుంది. లేనిచో తొలగిస్తాం."

కింద ఆ క్షమాపణ:

"నా అజ్ఞానం వలన, అవగాహనా లోపం వలన, తెలిసీ తెలియక నేను చేసిన వ్యాఖ్యల ద్వారా ఎవరి మనోభావాలైనా గాయపడి ఉన్నట్లయితే, వారందరికీ హృదయపూర్వకంగా, మనస్ఫూర్తిగా, బేషరతుగా నా క్షమాపణలను తెలియజేసుకుంటున్నానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను."

ఎత్తి అక్కడ పెట్టెయ్యడమే. రెండు వేళ్ళ పని. పౌరుషానికి పోయే పిల్లేం కాదు గుండుసూది. ఎంతమంది కస్టమర్లు మొహం మీద బట్ట విసిరినా తీసి మడత పెట్టుకుంది. ఆ ఆదివారం కోసం ఇలాంటివి పది పెట్టమన్నా పెడుతుంది. కళ్ళ ముందు గోడ మీద సుద్దచుక్క కనిపిస్తూనే ఉంది.

కొట్లో ఆ పూట రద్దీగా ఉంది. ఒకాయన కొత్తగా కొన్న కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు, చేతులు పొడుగయ్యాయని. కచ్చాకుట్టు వెయ్యడానికి దారం ఎక్కిస్తూ, మధ్యమధ్యలో ఫోను చూస్తోంది ఆమె. ఎత్తింది. పెట్టబోయింది. ఆఖరిసారి చదివింది.

చదవకుండా ఉండాల్సింది.

తెలియజేసుకుంటున్నానని తెలియజేస్తున్నాను! ఒకేచోట రెండుసార్లు మిషను నడిపినట్టుంది. అలా కుడితే బట్ట ముడుచుకుపోతుంది. హృదయపూర్వకంగా, మనస్ఫూర్తిగా అని ఒకదాని మీద ఒకటి లైనింగు. 'ఎవరి మనోభావాలైనా' ఏమిటి, నొచ్చుకున్నవాళ్ళు ఐదుగురు, పేర్లు తెలుసు. వద్దే, పెట్టెయ్, పెట్టెయ్ అని తనకి తానే చెప్పుకుంది. వంకరగా ఉన్న అంచుని చూస్తూ ఊరుకోగలిగితే ఆమె ఈ కొట్లో ఏడేళ్ళు ఉండేదే కాదు. గబగబా విప్పి, కుట్టి, అందరూ చూసేచోట పెట్టింది:

"నేను రాసిన మాటలు మీ ఐదుగురినీ నొప్పించాయి. మీరు అడక్కుండానే చెప్పాను. అది నా తప్పు. క్షమించండి."

అక్కడితో ఆపినా ఎలాగో గట్టెక్కేదేమో. ఇచ్చిన బట్టలో మార్పు చేస్తే ఏం చేశామో చెప్పి ఇవ్వడం కొట్టు పద్ధతి. కింద ఇంకో ముక్క తగిలించింది: "పెద్దగారూ, మీరిచ్చినదాన్ని కొంచెం తగ్గించాను. ఒకేచోట మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు సరిగా కూర్చుంది, చూసుకోండి."

నాలుగొందల మంది ముందు!

కోటు చెయ్యి మడిచి సూది గుచ్చుతుండగా ఫోను ఒక్కసారి వణికింది, చిన్నగా. "మీరు ఈ గుంపులో సభ్యులు కారు." అంతే ఉంది. గుంపు లేదు, ఆదివారం లేదు, ఆమె పెట్టిన పరిచయం కూడా లేదు.

"అబ్బా!" అని కోటాయన ఎగిరి గంతేశాడు. సూది మణికట్టులో దిగింది.

"ఏమే, కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అత్త మిషను ఆపేసింది. "క్షమించు నాయనా. ఏడేళ్ళలో ఎవర్నీ గుచ్చలేదిది. నీకేదో రాసిపెట్టుంది."

గుండుసూది గోడ దగ్గరికెళ్ళి క్యాలెండరు మీది చుక్కని బొటనవేలితో తుడిచేసింది. సుద్ద కదా, ఇట్టే పోయింది. పెదాల మధ్య సూదులు అలాగే ఉన్నాయి. సూదులతో ఏడవడం కుదరదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు, అందుకే తియ్యలేదు.

నాలుగు రోజులకి కళ్ళజోడు పిల్ల ఇంకో గౌను కోసం వచ్చింది. వస్తూనే బుసలు కొట్టింది.

"నా పరువు తీశావు కదా! నేను తీసుకొచ్చిన మనిషివని అందరూ నన్ను ఆడిపోసుకుంటున్నారు. నోరు మూసుకుని అది పెట్టెయ్యడానికి నీకేం నొప్పి?"

"నొప్పేం లేదు. బాలేదు, అంతే."

"బాలేదట! నువ్వెవరు చెప్పడానికి?" అని గౌను లాక్కుని అంచు తిప్పి తిప్పి చూసింది. అంచులో తప్పేం దొరక్క ఇంకా మండిపడింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. చెప్పకుండా పోతే ఆ రోజు ఆమెకి అరగదు మరి. "నిన్న ఇంకెవరో గొడవ చేస్తే, పెట్టమని గుంపుపెద్ద వాళ్ళకి క్షమాపణ రాసిచ్చాడు. ఏం రాశాడో తెలుసా? 'నా మాటలు మిమ్మల్ని నొప్పించాయి. మీరు అడక్కుండానే చెప్పాను. అది నా తప్పు. క్షమించండి.' సిగ్గులేకపోతే సరి. ఆ మేఘం కూడా, మొదటి మూడు వాక్యాలూ తీసేసింది. ఇప్పుడు బస్సుతో మొదలవుతోంది. వంద మంది మెచ్చుకున్నారు."

గుండుసూది సూదులు తీసింది. "అయితే నన్ను మళ్ళీ రానిస్తారా?"

"పిచ్చా నీకు? నీ పేరెత్తితే పళ్ళు నూరుతున్నారు," అని కళ్ళజోడు పిల్ల వెళ్ళిపోయింది. తలుపు కొట్టుకుని గోడ మీది టేపు కింద పడింది.

మాటల మధ్యలో మిషను చప్పుడు ఆగిన సంగతి గుండుసూది గమనించలేదు. అత్తవి పాము చెవులు.

ఆదివారం కొట్టుకి సెలవు. తనది కావాల్సిన ఆదివారం. గుండుసూది పొద్దున దారం రీళ్ళు తేవడానికి బజారుకెళ్ళి, కావాలనే చుట్టు తిరిగి వచ్చింది. షట్టరు సగం లేచి ఉంది. వంగి లోపలికి దూరి, అలాగే నిలబడిపోయింది.

పొడుగుబల్ల మీద ఒక పక్కన బొత్తాలన్నీ కుప్పగా పోసి ఉన్నాయి. రెండో పక్కన కోటు కథ రాసిన పసుపుపచ్చ చీటీలు, వెనక్కి తిప్పి, వరసగా, బట్టలు పరిచినట్టు పరిచి ఉన్నాయి. వాటి మీద నీలం సుద్దతో గీతలు, సున్నాలు, అడ్డంగా కొట్టివేతలు. రెండుచోట్ల గుండుసూదులు కూడా గుచ్చి ఉన్నాయి. అత్త కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఆఖరి చీటీ మీదికి వంగి ఉంది.

"ఎవరు చదవమన్నారు నిన్ను?" గుండుసూది గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఓహో, చీటీల దొంగ వచ్చిందా! నేను ఎలకల మందు కూడా పెట్టాను కదే, పాపం ఎలకలు."

"నా డబ్బా ఎందుకు తీశావు? ఆ గీతలేమిటి? నాశనం చేసి పెట్టావు!"

"గీతలెందుకా? ఇలా రా. నీ కథలో కోటాయన మూడో చీటీ దాటేదాకా కోటు ఇవ్వడానికి రాడు. అప్పటిదాకా వాన గురించి రాశావు. నేను వాన చూడలేదా? ఇది విప్పెయ్. ఇదిగో ఇక్కడ, కొట్టావిడ మంచిదని మూడుసార్లు చెప్పావు. ఎవరే ఆవిడ? నేనైతే కాదు. అబద్ధం. తీసెయ్."

"నీకేం తెలుసు కథల గురించి? చదివింది నాలుగో క్లాసు!"

"నాలుగో క్లాసే. కూడబలుక్కుంటూ రెండు రోజుల నుంచీ చదువుతున్నా. నువ్వు కింద కొట్లో డబ్బా తింటున్నంతసేపూ మేడ మీద నేను చేసిందిదే. కుట్టినదానివి నువ్వు. తొడుక్కుని చూసినదాన్ని నేను. ఎక్కడ పట్టేస్తోందో నన్నడుగు."

"ముందు బాగుందని ఒక్క మాట అనకూడదా? ఒక్కటి! ఎవరైనా అలాగే మొదలుపెడతారు!"

అనేసి, తను పలకరించిన ఆ ఐదుగురూ గుర్తొచ్చి గుండుసూది టక్కున ఆగింది. బల్ల మీద ఫోను ఈసారి వణకలేదు గానీ, దానివైపు ఒకసారి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.  అత్త సుద్దముక్క చివర గోటితో చెక్కుకుంటూ కూర్చుంది.

కోపం దిగక గుండుసూది చీటీలు లాక్కోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ నీలమే. వాన మొత్తం పోయింది. ఏడో చీటీ దగ్గర చెయ్యి ఆగింది. అందులో కోటు సొంతదారు వీధి అవతల నిలబడి, కమ్మీకి వేలాడుతున్న తన కోటుని కిటికీ అద్దంలోంచి చూస్తాడు, లోపలికి రాడు. ఆ చీటీ మీద గీత లేదు. తిప్పి చూసింది. అటువైపు ఎవరిదో నడుము కొలత. మళ్ళీ తిప్పింది. గీత లేదు, చుక్క లేదు.

"దీనికి సుద్ద పెట్టలేదేం?"

"సుద్ద అయిపోయింది," అంది అత్త.

సుద్దపెట్టె ఆవిడ మోచేతి పక్కనే ఉంది, మూత తీసి, నిండుగా.

గుండుసూది పెట్టెని చూసింది, అత్తని చూసింది. అత్త కిటికీలోంచి ఖాళీ వీధిని మహా శ్రద్ధగా చూస్తోంది.

"పదకొండో చీటీ ఎక్కడే?" అంది అటే చూస్తూ. "పదితో ఆగిపోయింది. డబ్బా అంతా తిరగేశాను. వాడు కోటు తీసుకెళ్ళాడా లేదా?"

"ఇంకా రాయలేదు."

"రాయలేదా! రెండు రోజులు కళ్ళు పోయేలా చదివించి, ఇప్పుడు రాయలేదంటావా? మనిషివేనా?"

"నీకోసం రాస్తున్నానా ఏమిటి?"

"మరెవరికోసం? ఆ వణికే డబ్బాలో వాళ్ళ కోసమా? కూర్చో అక్కడ."

"నేనిప్పుడు రాయను. నువ్వు చెబితే అసలే రాయను," అంటూ గుండుసూది స్టూలు బర్రున లాగి, అత్తకి వీపు తిప్పి కూర్చుంది. వాన ఉన్న మూడు చీటీలూ పరపరా చింపేసింది. మొహం ఇంకా మాడ్చుకునే ఉంది. అరలోంచి కొత్త చీటీల కట్ట తీసి, పైదాన్ని వెనక్కి తిప్పి, పెన్సిలు కోసం చెవి వెనక తడుముకుంది.

"కొత్త కట్ట తెంపావేమే! అవి బట్టలకి!" అని అరిచింది అత్త.

"ఊ," అంది గుండుసూది. నోట్లో ఒక్క సూది కూడా లేదు.